బండి ముక్కు దించడం... బండ పని కాదు!

మన ఊళ్ళలో సరుకు బండి కొన్న రైతు మొదట ఆలోచించేది దాన్ని పైకి లేపడం గురించే. కమాను కట్టలో ఒకటి రెండు పట్టీలు అదనంగా వేయిస్తే బరువు ఆగుతుందని, పొలం దారిలో అడుగు భాగం తగలదని నమ్మకం. అమెరికాలో పాత పికప్ బండ్ల సొంతదారుల తీరు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. వాళ్ళు ఉన్న ఎత్తును తగ్గించుకోవడానికి తంటాలు పడుతుంటారు. ముందు చక్రాల మీద బండి ముక్కు రెండు మూడు అంగుళాలు కిందికి దిగితే చాలు, వాళ్ళకు పండుగే. విశేషమేమంటే ఈ పనికి చాలామంది మెకానిక్కు దగ్గరకు పోరు. సెలవు రోజు చూసుకుని, ఇంటి ముందున్న సిమెంటు గచ్చు మీద సొంతంగా చేసుకుంటారు.

వినడానికి వింతగా ఉన్నా, ఇందులో మనం తెలుసుకోదగిన సంగతులు చాలా ఉన్నాయి. స్ప్రింగు అక్కడైనా ఇక్కడైనా స్ప్రింగే. అది బిగబట్టిన బలం ఒక్కసారిగా బయటపడితే మనిషి ప్రాణం పోతుంది. బండి ఎత్తు మారితే చక్రం, స్టీరింగు, బ్రేకు, దీపం అన్నిటి లెక్కా మారుతుంది. ఎత్తు పెంచినా తగ్గించినా ఈ రెండు సూత్రాలు ఒక్కటే.

ఆరు దశాబ్దాల ఆంక్ష

ఎత్తు తగ్గించిన బండ్ల మోజుకు పుట్టిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, అక్కడి మెక్సికన్ సంతతి యువకులు పాత కార్లు చవకగా కొని, అవి నేలకు దగ్గరగా కనబడాలని డిక్కీలో ఇసుక బస్తాలు వేసేవారు. ఆ తర్వాత స్ప్రింగులు కోయడం మొదలుపెట్టారు. అందరూ వేగంగా పోవాలని చూస్తుంటే వీరు మాత్రం నేలను ఆనుకుని, నెమ్మదిగా, నలుగురూ చూసేటట్లు పోవడమే గొప్ప అనుకున్నారు.

ప్రభుత్వానికి ఇది నచ్చలేదు. 1950ల చివరలో కాలిఫోర్నియా వాహన చట్టంలోకి ఒక సెక్షన్ వచ్చింది. చక్రపు ఇనుప రిమ్ము అడుగు అంచు కంటే కిందికి బండిలోని మరే భాగమూ దిగేలా మార్పు చేయరాదని దాని సారాంశం. రాన్ అగిరే అనే యువకుడు 1959లో దీనికి ఉపాయం కనిపెట్టాడు. విమానాల్లో వాడే హైడ్రాలిక్ పంపులు, వాల్వులు తెచ్చి తన కార్వెట్ కారుకు బిగించాడు. మీట నొక్కితే బండి లేచేది, మళ్ళీ నొక్కితే దిగేది. పోలీసులు కనబడినప్పుడు పైకి, వారు పోయాక కిందికి!

ఆ సెక్షన్ ఆరు దశాబ్దాలకు పైగా అమలులో ఉంది. 2023 అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేసిన కొత్త చట్టంతో అది రద్దయింది. 2024 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఎత్తు తగ్గించిన బండి నడపడం దానికదే నేరం కాకుండా పోయింది. మిగతా రాష్ట్రాల్లో ఎక్కడి నిబంధనలు అక్కడ ఉన్నాయి.

రైతు బండే ముద్దుల బండి

ఇలా దించే పాత పికప్‌లలో బాగా పేరున్నది షెవర్లే సి-10. ఈ వరస బండ్లు 1960లో వచ్చాయి. 'సి' అంటే వెనక చక్రాలకు మాత్రమే ఇంజను బలం అందే బండి అని, 'పది' అంటే అర టన్ను తరగతి అని అర్థం. నాలుగు చక్రాలకూ బలం అందే బండ్లను 'కె' అక్షరంతో పిలిచేవారు. గడ్డి మోపులు, దాణా బస్తాలు, పనిముట్లు మోయడానికి అమెరికా రైతులు కొనుక్కున్న బండి ఇది. ఒక విధంగా మన ట్రాక్టరు ట్రక్కుకు, జీపుకు మధ్య రకం అనవచ్చు. 1973 నుంచి 1987 వరకు వచ్చిన నమూనాను దాని పెట్టెలాంటి ఆకారాన్ని బట్టి 'చదరపు బండి' అని అక్కడి వాళ్ళు ముద్దుగా పిలుచుకుంటారు.

బరువు మోయడానికి పుట్టిన బండి కనుక ఖాళీగా ఉన్నప్పుడు అది ఎత్తుగా నిలబడుతుంది. ఇప్పుడు వీటిలో చాలావాటితో ఎవరూ గడ్డి మోయించడం లేదు. తాతల నాటి బండిని మనవలు రంగు వేసి, ఆదివారం నాడు బయటికి తీస్తున్నారు. బరువు మోసే పని లేనప్పుడు అంత ఎత్తు ఎందుకన్నది వారి వాదన. ఎత్తు తగ్గితే బండి బరువు నేలకు దగ్గరవుతుంది. మలుపుల్లో ఒక పక్కకు ఒరగడం తగ్గుతుంది. అంటే ఇది ఒట్టి సోకు మాత్రమే కాదు, కొంత ప్రయోజనమూ ఉంది.

తలుపు లెక్క

మన పాత జీపుకు ముందు వైపు ఒకే ఇరుసు, దాని మీద కమాను కట్టలు ఉంటాయి. సి-10 ముందు భాగం అలా ఉండదు. 1963 నుంచి దానికి చుట్టలు తిరిగిన స్ప్రింగులు వచ్చాయి. ఒక్కో చక్రాన్ని పైన ఒక చేయి, కింద ఒక చేయి లాంటి ఇనుప భాగాలు పట్టుకుని ఉంటాయి. కింది చేయికి, ఛాసిస్‌కు మధ్య స్ప్రింగు ఇరుక్కుని కూర్చుంటుంది. చేతుల కొసల్లో బాల్ జాయింట్లు ఉంటాయి. వాటి సాయంతోనే చక్రం పక్కలకు తిరుగుతుంది.

ఇది అర్థం కావాలంటే ఇంటి తలుపును చూస్తే చాలు. తలుపు మధ్యలో చేయి పెట్టి బెత్తెడు నెడితే, కొస రెండు బెత్తెలు కదులుతుంది. కాని మధ్యలో నెట్టడానికి కొస దగ్గర కంటే రెట్టింపు బలం కావాలి. కింది చేయి కూడా అంతే. దాని లోపలి కొస ఛాసిస్‌కు తలుపు బందులా బిగించి ఉంటుంది. బయటి కొసన చక్రం, దాదాపు మధ్యన స్ప్రింగు ఉంటాయి. అందువల్ల స్ప్రింగు ఒక్క అంగుళం పొట్టిదైతే బండి ముక్కు సుమారు రెండు అంగుళాలు దిగుతుంది. కొలత తెలియక రెండంగుళాలు దించాలని రెండంగుళాలు కోసినవాడి బండి నాలుగంగుళాలు దిగి, బంపరు గతుకు గతుకుకూ తగులుతుంది.

ఈ లెక్కలో ప్రమాదం కూడా దాగి ఉంది. ఖాళీ బండికి ముందు ఒక్కో చక్రం మీద సుమారు అర టన్ను బరువు పడుతుంది. మధ్యలో ఉన్న స్ప్రింగు దాదాపు దానికి రెట్టింపు, అంటే టన్నుకు దగ్గరగా మోస్తుంది. అంత బరువును అణచి పట్టుకున్న ఇనుప చుట్ట అది. చక్రం విప్పాక కూడా ఆ బలంలో చాలా భాగం దానిలోనే ఉంటుంది. సరిగా పట్టుకోకుండా కింది చేయిని వదిలేస్తే స్ప్రింగు తుపాకి గుండులా ఎగిరి వస్తుంది.

మూడు దారులు

ముక్కు దించడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది, ఖర్చు లేనిది, ఉన్న స్ప్రింగును కోయడం. ఇందులో తిరకాసు ఒకటుంది. స్ప్రింగు పొట్టిదయ్యే కొద్దీ గట్టిపడుతుంది. పని చేసే చుట్లు పది ఉన్న స్ప్రింగుకు ఒక చుట్టు తీసేస్తే, మిగిలింది సుమారు 11 శాతం గట్టిగా మారుతుంది. ఎక్కువ కోస్తే గతుకు తగిలినప్పుడు నడుము దెబ్బ తింటుంది. చివర చదునుగా మలిచిన చుట్టును కోస్తే స్ప్రింగు తన గూడులో సరిగా కూర్చోదు.

కొందరు కోసే శ్రమ కూడా లేకుండా గ్యాసు మంటతో స్ప్రింగును కాలుస్తారు. ఎర్రబడగానే అది బరువుకు కుంగిపోతుంది. ఇంతకంటే తెలివితక్కువ పని లేదనడంలో సందేహం లేదు. ఈ సంగతి మన ఊరి కమ్మరిని అడిగినా చెబుతాడు. పాత కమాను పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగగొట్టి, కత్తో కొడవలో చేసేటప్పుడు, చివరకు దాన్ని నీళ్ళలో ముంచి పదును పెట్టనిదే ఆ పనిముట్టు నిలవదు. కాల్చి ఊరికే వదిలేసిన ఉక్కు మెత్తబడుతుంది. మంట తగిలిన స్ప్రింగు కూడా అంతే. కొంత చోట మెత్తగా, కొంత చోట పెళుసుగా మారి, ఎప్పుడు కుంగుతుందో ఎప్పుడు విరుగుతుందో తెలియకుండా పోతుంది.

రెండవ దారి, పొట్టిగానే తయారు చేసిన కొత్త స్ప్రింగులు కొనడం. ఎంత దిగాలో, ఎంత గట్టిగా ఉండాలో లెక్క వేసి చేసినవి కనుక కోసిన వాటికంటే ఇవి మేలు. ఒక అంగుళం నుంచి మూడు అంగుళాల వరకు దించే రకాలు దొరుకుతాయి.

మూడవది స్పిండిల్ మార్చడం. పై చేతికీ కింది చేతికీ మధ్య నిలబడి, చక్రం ఎక్కే కడ్డీని మోసే ఇనుప భాగమే స్పిండిల్. కొత్త రకంలో ఆ కడ్డీని సుమారు రెండు, రెండున్నర అంగుళాలు పైకి జరిపి తయారు చేస్తారు. చక్రం అంత పైకి పోతే బండి అంత కిందికి దిగుతుంది. చేతుల వాలు మారదు, స్ప్రింగు మారదు, కుదుపూ పెరగదు. ఖర్చు ఎక్కువే గాని, మూడింటిలో నాణ్యమైన దారి ఇదే. అయితే చక్రం లోపలి అంచుకు స్టీరింగు కడ్డీలు తగలకుండా చోటు ఉందో లేదో బిగించే ముందే చూసుకోవాలి.

పని వరస ఇదీ

స్ప్రింగు మార్చే పని వరసగా ఇలా సాగుతుంది. బండిని గట్టి, చదునైన గచ్చు మీద నిలుపుతారు. మట్టి నేల పనికిరాదు. చక్రం నడిమికి పైన ఉన్న రెక్క అంచు నేల నుంచి ఎంత ఎత్తున ఉందో రెండు వైపులా కొలిచి రాసి పెట్టుకుంటారు. తుప్పు పట్టిన నట్ల మీద ముందు రోజే నూనె వేస్తారు. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేస్తారు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేస్తారు.

తర్వాత జాకీతో ఛాసిస్‌ను లేపి, రెండు వైపులా మూడు నాలుగు కాళ్ళ ఇనుప స్టాండ్లు పెడతారు. బండి బరువు ఆ స్టాండ్ల మీదే నిలవాలి, జాకీ మీద కాదు. కిందికి దూరే ముందు బండిని పక్క నుంచి గట్టిగా నెట్టి చూస్తారు. కదిలితే మళ్ళీ మొదటి నుంచి. విప్పిన చక్రాన్ని కూడా ఛాసిస్ కింద పడుకోబెడతారు. అన్నీ తప్పి బండి జారినా ఆ చక్రం అడ్డుపడి ప్రాణం కాపాడుతుంది.

ఒక వైపు పూర్తిగా ముగించాకే రెండో వైపు మొదలుపెడతారు. ఏది ఎక్కడ ఉండేదో అనుమానం వస్తే విప్పని వైపు చూసుకోవచ్చు. షాక్ అబ్జార్బర్, స్టీరింగు కడ్డీ కొస, బండి ఒరగకుండా ఆపే కడ్డీ లింకు ఒక్కటొక్కటే విప్పుతారు. 1971 నుంచి ఈ బండ్లకు ముందు డిస్కు బ్రేకులు ఉన్నాయి. బ్రేకు పట్టును విప్పినప్పుడు దాన్ని తీగతో ఛాసిస్‌కు కట్టాలి. రబ్బరు గొట్టం మీద వేలాడదీస్తే గొట్టం లోపల చీలి, ఎప్పుడో ఒక రోజు బ్రేకు పోతుంది.

ఇక్కడి నుంచి పని ప్రమాదకరం. జాకీని కింది చేయి కిందికి తెచ్చి, బరువు దాని మీదకు తీసుకుంటారు. స్ప్రింగు చుట్ల గుండా లావుపాటి గొలుసు దూర్చి ఛాసిస్‌కు కడతారు. స్ప్రింగును నొక్కి పట్టే ప్రత్యేకమైన బిగింపు పరికరం కూడా ఉంది. అక్కడి విడి భాగాల దుకాణాలు కొన్ని డిపాజిట్టు తీసుకుని దాన్ని వాడుకోవడానికి ఇస్తాయి. బాల్ జాయింట్ నట్టుకు ఉన్న కాటర్ పిన్ను తీసి, నట్టును కొన్ని మరలు మాత్రమే వదులు చేస్తారు, పూర్తిగా తీయరు. పక్కన ఉన్న ఇనుప భాగాన్ని సుత్తితో కొడితే జాయింటు టప్‌మని ఊడుతుంది. మిగిలిన మరల మీద నట్టు దాన్ని ఆపుతుంది. ఆ తర్వాతే నట్టు తీసి, జాకీని అంగుళం అంగుళంగా దించుతారు. స్ప్రింగులోని బలం అలా మెల్లగా విడిపోతుంది. ఆ సమయంలో ముఖం గాని, చేయి గాని, కాలు గాని స్ప్రింగుకు ఎదురుగా ఉండకూడదు.

కొత్త స్ప్రింగు పెట్టేటప్పుడు చుట్ట కొస కింది గూడులో దానికి చేసిన చోటనే కూర్చోవాలి. అక్కడ తేడా వస్తే బండి ఒక పక్క ఎత్తుగా నిలబడుతుంది. ఇక విప్పిన వరసకు ఎదురు వరసలో బిగించడమే. కాటర్ పిన్నులు కొత్తవి వేస్తారు. కొంత దూరం నడిపాక చక్రం నట్లు మరోసారి బిగించి చూస్తారు.

దించాక అసలు పని

ముక్కు దిగింది కదా అని రోడ్డెక్కితే పొరపాటే. స్ప్రింగుతో దించిన బండికి చేతుల వాలు మారి, చక్రం పై అంచు లోపలికి వాలుతుంది. చక్రాల ముందు అంచుల మధ్య దూరం కూడా మారుతుంది. వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే టైర్ల లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది. బండి ఒక పక్కకు లాగుతుంది.

పాత పొడవు షాక్ అబ్జార్బర్ పొట్టి స్ప్రింగుతో కుదరదు. లోపలే గుద్దుకుని త్వరగా పాడవుతుంది. పొట్టి రకం వేయాలి. చేయి ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ కూడా ఇప్పుడు దగ్గరవుతుంది. దాన్ని సరిపడా తగ్గించవచ్చు గాని, పూర్తిగా తీసేయకూడదు. స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొస వరకు తిప్పి, టైరు ఎక్కడైనా తగులుతోందా, బ్రేకు గొట్టం సాగుతోందా అని చూడాలి. ముక్కు దిగితే ముందు దీపాల వెలుగూ దగ్గరే పడిపోతుంది కనుక వాటిని తిరిగి సరిచేయాలి. ఎక్కువ డబ్బు ఖర్చయ్యేది స్ప్రింగుకు, ఎక్కువ ప్రాణాలు నిలిపేది ఈ చిన్న పనులు.

మన దగ్గర చట్టం

ఇదంతా చదివి మన కుర్రవాళ్ళు పానాలు పట్టుకుని బయలుదేరే ముందు ఒక సంగతి గమనించాలి. కాలిఫోర్నియాలో ఆంక్ష ఎత్తేశారు గాని, మన దేశంలో లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా, రిజిస్ట్రేషన్ వివరాలు మారిపోయేలా సొంతదారు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో శిక్ష కూడా చేరింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు.

ఈ మాట ముక్కు దించేవారికే కాదు, కమాను పట్టీలు పెంచే మన సరుకు బండ్ల వారికీ వర్తించే ప్రమాదం ఉంది. పట్టీలు పెరిగితే బండి ఎక్కువ మోసినట్టు కనబడుతుంది. కాని ఇరుసు, బ్రేకు, టైరు పాతవే. అవి తయారైన బరువుకే పనిచేస్తాయి. దిగుడులో నిండు బండి ఆగకపోతే పెంచిన పట్టీ ఆపలేదు. అరిగిన, విరిగిన పట్టీని అదే కొలత పట్టీతో మార్చుకోవడం వేరు, కొత్తగా చేర్చడం వేరు. బేరం చేసే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

జాకీని నమ్మవద్దు

చివరగా, అందరికీ పనికివచ్చే మాట ఒకటుంది. చెట్టు కింద జాకీ వేసి, అది చాలదని నాలుగు ఇటుకలో, బండరాయో తోసి, ట్రాక్టరు ట్రక్కు కిందికి దూరడం మన ఊళ్ళలో మామూలు. జాకీ బండిని లేపడానికే గాని నిలపడానికి కాదు. దానిలోని నూనె కారితే క్షణంలో దిగిపోతుంది. మెత్తటి మట్టిలో దాని పీట కుంగుతుంది. ఇటుక బరువును కొంతసేపు ఓర్చుకుని, చెప్పకుండా పగిలిపోతుంది. సిమెంటు ఇటుకా అంతే.

ఇనుప స్టాండ్లు ఒక జత కొనడం ఒక్కరికి భారమైతే నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. అవి దొరికే దాకా బండి కింద పని ఉంటే గట్టి నేల చూసి, అడ్డంగా నిలువుగా పేర్చిన మందపాటి కర్ర దిమ్మలు వాడాలి. కింద పడుకున్నవారి పక్కన మరో మనిషి తప్పక ఉండాలి. స్ప్రింగు విప్పే పని మాత్రం తగిన పరికరాలున్న షెడ్డులోనే చేయించాలి.